షరతు ఏడు

జక్కంపూడి కాలనీ, పదకొండో బ్లాకు, మూడో అంతస్తు.
లిఫ్టుకి గొయ్యి ఉంది, లిఫ్టు లేదు.
గొయ్యిలో ఇటుకలు పేర్చి ఎవరో మేకపిల్లను కట్టేశారు.
జంతువులను పెంచరాదు, అది షరతు ఐదు.
గొయ్యి ఏ ఫ్లాటు కిందికీ రాదు కాబట్టి
నేను చూడలేదు.

చేతిలో ట్యాబు. ట్యాబులో సువార్తమ్మ.
బుడమేరు కట్ట మీద గుడిసె తీసేసినందుకు ఇల్లిచ్చారు.
ఇచ్చారంటే, ఇవ్వలేదు.
ఏడాది ఉండి చూపించాలి.
కుదురుగా ఉంటే పట్టా.
అద్దెకిచ్చినా, కిస్తీ ఎగ్గొట్టినా, పొరుగుతో గొడవపడినా
ఒక్క నోటీసు, పదిహేను రోజులు, అంతే.
కాయితం మీద దాని పేరు పరిశీలనా కాలం.
సువార్తమ్మ చూపుల ఏడాది అంటుంది.
"పెళ్లిచూపులైనా ఒక్క పూటే కదా బాబూ,
మా చేత ఏడాది పొడుగునా కాఫీలు ఇప్పిస్తన్నారు."

మొదటిసారి వెళ్లినప్పుడు గోడలన్నీ ఖాళీ.
సామానంతా కిటికీ ఊచలకే వేలాడుతోంది.
చేట, తువ్వాలు, బైబిలు సంచి, మనవడి స్కూలు టై,
తాడు కట్టిన పెనిమిటి ఫొటో.
"గోడకి మేకు కొట్టరాదంటగా,
షరతు ఏడు పిల్లోడి చేత చదివించుకున్నా."
గాలి వచ్చినప్పుడల్లా ఆయన తిరిగి
ఒకసారి మమ్మల్ని చూస్తాడు,
ఒకసారి థర్మల్ పొగగొట్టాల్ని.

కింది ఫ్లాటు వాళ్లు ఫిర్యాదు రాసిచ్చారు,
తెల్లారుజామున రోలు చప్పుడని.
నేను చెప్పిన మర్నాటి నుంచీ
పరుపు మడతేసి, దాని మీద రోలు పెట్టి
పచ్చడి నూరుతోంది.
నలగదట. రుచి రాదట.
కానీ చప్పుడు మాత్రం లేదు.

రెండోసారి వెళ్తే తాళం.
మూడోసారీ తాళమే.
ఎదురు ఫ్లాటు నాంచారయ్య తల బయటపెట్టి
"గుంటూరు పోయిందండీ, మిరప తొడిమలు తియ్యడానికి.
కిస్తీ కట్టాలిగా" అన్నాడు.
ఇల్లు నిలవాలంటే కిస్తీ.
కిస్తీకి తొడిమలు, తొడిమలకి గుంటూరు.
గుంటూరు పోతే తాళం.
తాళం పడితే ఇల్లు నిలవదు.
ట్యాబులో రెండే గడులు, ఉన్నారు, లేరు.
సిగ్నల్ అందలేదని రాశాను.
ఆ రోజు సిగ్నల్ బాగానే ఉంది.

ఇవాళ్టికి ఏడాది.
తలుపు తీయగానే ఆవిడ కన్నా ముందు ఘాటొచ్చింది.
తుమ్ము మీద తుమ్ము.
"నాలుగుసార్లు ఉతికినా చీర వదల్లేదు బాబూ."
వేలిముద్ర వెయ్యమన్నాను.
ఎడమ బొటనవేలు, మిషను ఒప్పుకోలేదు.
కుడిది. చూపుడువేలు.
కొంగుతో తుడిచి, ఊది, కొబ్బరినూనె రాసి మళ్లీ.
కారం గీతలన్నీ తినేసింది.
ఈ ఇంటి మనిషినని చెప్పాల్సిన వేళ్లు
నున్నగా, ఏమీ ఎరగనట్టున్నాయి.

"పట్టా ఎప్పుడంట?"
ఇంకో ఆరునెలలు పొడిగించారని చెప్పాను.
ఎందుకని అడగలేదు.
"మీ ఉజ్జోగం ఖాయం చేశారా?" అంది.
నాదీ రెండేళ్ల ప్రొబేషనే, మూడో ఏడు నడుస్తోంది.
ఎప్పుడో ఈ గుమ్మంలో మంచినీళ్లు తాగుతూ అనుంటాను.
నేనే మర్చిపోయాను.

చివరగా ఫొటో తియ్యాలి, లబ్ధిదారు గది లోపల నిలబడి ఉండగా.
లోపలికి వెళితే
పెనిమిటి గోడెక్కి ఉన్నాడు.
కొత్త మేకు. కింద రాలిన సున్నం ఇంకా ఊడవలేదు.
మనవడు రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని
నా బూట్ల వైపు చూస్తున్నాడు.
ఆవిడ ఏమీ అనలేదు.

"కాస్త ఇటు జరగండి" అన్నాను.
"ఇటా?"
"ఇంకొంచెం."
మేకుతో పాటు ఆయనా
ఫొటోలోంచి వెళ్లిపోయాడు.

ఉన్నారు, అన్న గడి నొక్కాను.